వీఆర్‌తో బతుకుదెరువు ఉంటుందా అండీ?

సినిమాకు గ్రాఫిక్స్ చేస్తూ, మరోపక్క వీఆర్ (వర్చువల్ రియాలిటీ) కళ్ళద్దాల్లో, తల ఎటు తిప్పితే అటు కనిపించేలా సొంత పనులు చేసుకునే ఆర్టిస్టుల గురించి పోయిన నెల ఇక్కడ నాలుగు ముక్కలు రాశాను. దాని మీద ఉత్తరాలు చాలా వచ్చాయి, ఎక్కువ మన గోదావరి లంకల నుంచీ, కాలవ గట్ల ఊళ్ళ నుంచీ. అన్నిటికీ ఇక్కడ చోటు చాలదు. పదిమందికి పనికొస్తాయనుకున్నవి తీసుకున్నాను.

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది అమలాపురం పక్క పల్లెటూరు. డిగ్రీ ఆఖరి సంవత్సరం. బొమ్మలు వేస్తాను, యూట్యూబ్ చూసి బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్ కొంచెం నేర్చుకున్నాను. మల్టీమీడియా ఆర్టిస్టు అవుతానంటే మా నాన్న "అదేం ఉద్యోగమే, జీతం ఎవడిస్తాడు" అంటున్నారు. ఇది నిజంగా వృత్తేనా? మీరు ఎలా మొదలుపెట్టారు? – ఓ డిగ్రీ విద్యార్థిని

మీ నాన్నగారు అడిగింది న్యాయమైన ప్రశ్నమ్మా, ముందు దానికే చెబుతాను. జీతం ఇచ్చేవాళ్ళున్నారు. కానీ "మల్టీమీడియా ఆర్టిస్టు కావలెను" అని ఎవరూ ప్రకటన వేయరు. రోటో ఆర్టిస్టు కావాలంటారు, విడివిడి ముక్కల్ని ఒకే షాటుగా కలిపే కంపోజిటర్ కావాలంటారు, త్రీడీ మోడలింగ్ వచ్చినవాళ్ళు కావాలంటారు, ఈమధ్య త్రీడీ లోకాలు కట్టే అన్‌రియల్ ఇంజిన్ అనే సాఫ్ట్‌వేర్ తెలిసినవాళ్ళు ఉన్నారా అని అడుగుతున్నారు. ఆ పేర్లలో ఏదో ఒకటి పట్టుకుని లోపలికి వెళ్ళాలి. మల్టీమీడియా ఆర్టిస్టు అనే పేరు పదేళ్ళ పని చేతిలో ఉన్నాక మనం పెట్టుకునేది.

నేను 2009లో హైదరాబాద్‌లో ఒక గ్రాఫిక్స్ కంపెనీలో రోటోలో చేరాను. తొమ్మిది వేలు జీతం, కూకట్‌పల్లిలో ముగ్గురు అమ్మాయిలం ఒక గది. రోటో అంటే ఏంటో చెబుతాను. హీరోయిన్ వెనకాల ఉన్న గోడ తీసేసి అక్కడ కొండ పెట్టాలనుకో, ఆ అమ్మాయి ఒంటి అంచు వెంబడి గీత గీసి వేరు చేయాలి. సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు. నాలుగు సెకన్ల షాటంటే 96 బొమ్మలు, గాలికి జుట్టు ఎగురుతుంటే ఆ 96 బొమ్మల్లోనూ ఒక్కో పాయ వెంట గీత. నాకు మొదటి వారంలో ఇచ్చింది అలాంటి షాటే, మూడు రోజులు పట్టింది, థియేటర్లో అది వచ్చి వెళ్ళిపోయేలోగా పక్కనున్న అమ్మకు చెయ్యెత్తి చూపించడం కూడా కుదరలేదు.

ఆ పనిని నేను ఎప్పటికీ తక్కువ చేసి మాట్లాడను. మనిషి నడిచేటప్పుడు ముందు భుజం కదులుతుందా నడుము కదులుతుందా, చీర కొంగు ఎంత ఆలస్యంగా వెనకాల వస్తుంది, ఇవన్నీ నాకు అక్కడే తెలిశాయి. ఇప్పుడు రోటోలో చాలా భాగం ఏఐ చేసేస్తోంది, నీ తరానికి ఆ మెట్టు అంత గట్టిగా ఉండదు, అది దాచను. అందుకే నువ్వు కంపోజిటింగ్ గానీ అన్‌రియల్ గానీ మొదటి మెట్టుగా పెట్టుకో. వెనకాల పెద్ద ఎల్‌ఈడీ గోడ పెట్టి, అందులో అన్‌రియల్‌తో తయారుచేసిన అడవినో కోటనో చూపిస్తూ దాని ముందు నటీనటులతో షూటింగ్ చేసే పద్ధతి మన హైదరాబాద్‌కు కూడా వచ్చేసింది. ఆ అడవిని కట్టేవాళ్ళు కావాలి. అదే అడవిని వీఆర్ కళ్ళద్దాల్లోకి కూడా పంపొచ్చు. సినిమా పనికీ వీఆర్ పనికీ మధ్య వంతెన అదే.

నేను వీఆర్ వైపు వచ్చింది 2014లో. గూగుల్ వాళ్ళు అట్టతో చేసే కళ్ళద్దాలు తెచ్చారు ఆ ఏడాది, కార్డ్‌బోర్డ్ అని పేరు. ఫేస్‌బుక్ వాళ్ళు ఓక్యులస్ కంపెనీని 200 కోట్ల డాలర్లు పెట్టి కొన్నది కూడా ఆ ఏడాదే. మాకు ఓక్యులస్ కొనే స్తోమత ఎక్కడిది, చెప్పుల డబ్బా కోసి రెండు కటకాలు పెట్టి నేనే ఒకటి చేసుకున్నాను. ఫోన్ అందులో పెట్టుకుని తల తిప్పితే బొమ్మ కూడా తిరిగింది. ఐదేళ్ళుగా ఫ్రేము అంచు దాటి ఏమీ చూపించకుండా పనిచేసినదాన్ని, అక్కడ అసలు అంచే లేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదమ్మా.

ఇప్పుడు నా రోజు ఎలా ఉంటుందంటావా, నెలలో మూడు వంతులు డబ్బొచ్చే పని. ఫ్యాక్టరీలో మంటలంటుకుంటే ఎటు పరిగెత్తాలో కార్మికులకు నేర్పే వీఆర్ శిక్షణ, ఇంకా కట్టని అపార్ట్‌మెంటులో నడిపించి చూపించడం, సినిమాలకు కంపోజిటింగ్. మిగిలిన వంతు నా సొంత పని. ఆ వంతును ఎవరికీ ఇవ్వను. నాన్నగారిని రెండేళ్ళు గడువడుగు. ఆ రెండేళ్ళలో ఏదో ఒక కంపెనీలో కుర్చీ దొరకాలి, అది నువ్వు ఆయనకు ఇచ్చే మాట.

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ పూర్తి చేసింది. వీఆర్, వీఎఫ్ఎక్స్ (సినిమా గ్రాఫిక్స్) కోర్సంటూ ఒక ప్రైవేటు సంస్థ వాళ్ళు నాలుగు లక్షలు కట్టమంటున్నారు, ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. ఈ పంట రొయ్యలు వైట్ స్పాట్ జబ్బు వచ్చి పోయాయి, అయినా అప్పు చేసైనా కడదామని మావారు. కట్టమంటారా? – ఓ తల్లి, పాలకొల్లు

ఇప్పుడప్పుడే కట్టకండి అక్కా. మీరు చెరువు చేసేవాళ్ళు కాబట్టి మీకు తెలిసిన మాటలోనే చెబుతాను. సీడ్ వేసిన రోజునే "మీకు 30 కౌంటు (కిలోకు ముప్పై రొయ్యలు) గ్యారంటీ" అనేవాడిని మీరు నమ్ముతారా? వాతావరణం, నీళ్ళు, మేత, జబ్బు ఇన్ని ఉన్నాయి కదా మధ్యలో. ఉద్యోగం కూడా అంతే. గ్యారంటీ అంటే ఆ ముక్క కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి. దాంతోపాటు, నిరుడు అక్కడ చదివి వెళ్ళిన ఐదుగురు పిల్లల పని చూపించమనండి, ఆ పిల్లలతో ఫోన్లో మాట్లాడించమనండి. తడబడితే మీకు జవాబు దొరికినట్టే.

అమ్మాయికి నిజంగా ఇష్టముంటే ముందు ప్రవేశ పరీక్షలు రాయించండి. డిజైన్ చదువులో పేరున్న ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) మన రాష్ట్రంలోనే, అమరావతిలో ఉంది. దానికి డ్యాట్ అనే పరీక్ష, మార్కుల కంటే ఆలోచన, బొమ్మ గీసే చెయ్యి చూస్తారు. హైదరాబాద్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో (జేఎన్‌ఏఎఫ్‌ఏయూ) బీఎఫ్‌ఏ యానిమేషన్ ఉంది, కడపలో లలితకళల విశ్వవిద్యాలయం ఉంది, దాని కోసం ఏడీసెట్ రాయాలి. ఈ ఏడాది సీటు రాకపోతే పై ఏడాది రాయొచ్చు. ఈలోగా ఇంట్లో కూర్చుని నేర్చుకోవడానికి బ్లెండర్ పూర్తిగా ఉచితం, అన్‌రియల్, అలాంటిదే ఇంకోటి యూనిటీ కూడా నేర్చుకునేవాళ్ళకు ఉచితమే. ఆ నాలుగు లక్షల్లో ఒక మంచి కంప్యూటరు వస్తుంది, మిగిలింది చెరువుకు మిగులుతుంది.

మీరు రాయలేదు గానీ మీ మనసులో ఇంకో బెంగ ఉండే ఉంటుంది. రాత్రి పూట పనులుంటాయా అని. ఉంటాయండి. సినిమా విడుదల దగ్గర పడితే తెల్లవారుజాము దాకా కూర్చోబెడతారు. కంపెనీలో చేరేటప్పుడే రాత్రి ఇంటికి చేర్చే బండి ఉందా అని అడగమనండి, సిగ్గుపడొద్దని చెప్పండి. ఇంకో సంగతి, సొంతంగా పని తీసుకునే రోజు వస్తే సగం డబ్బు ముందు తీసుకోకుండా ఒక్క ఫైలు కూడా తెరవొద్దు. నేను ఒక బిల్డరుకు మూడు నెలలు కష్టపడి ఇల్లంతా వీఆర్‌లో కట్టి ఇచ్చాను. దాన్ని చూపించి ఫ్లాట్లన్నీ అమ్ముకున్నాడు, నా లక్షా ఇరవై వేలు ఈరోజుకీ రాలేదు. ఆ ఏడాది మా అమ్మ గాజులు తాకట్టు పెట్టి కంపెనీ అద్దె కట్టాను. మీ అమ్మాయికి ఆ గతి పట్టకూడదు.

ప్రశ్న: అక్కా, కనుమ రోజున జగ్గన్నతోట ప్రభల తీర్థాన్ని అద్దె 360 కెమెరాతో (చుట్టూ అన్ని పక్కలా ఒకేసారి తీసేది) తీశాను. కెమెరా కర్రకు కట్టి జనంలో నడుస్తూ తీశా. కళ్ళద్దాల్లో చూసిన ఫ్రెండ్స్‌కి కళ్ళు తిరిగాయి, ఒకడికి వాంతి కూడా అయ్యింది. పైగా ఒకచోట ప్రభ మధ్యలో విరిగినట్టు కనిపిస్తోంది. నా తప్పేంటి? – అంబాజీపేట కుర్రాడు

తమ్ముడూ, నీ ఉత్తరం చదివి సంతోషపడ్డాను, అన్నిటికన్నా వీఆర్‌కు తగిన చోటు ఎంచుకున్నావు. పదకొండు ఊళ్ళ రుద్రులు ఒక తోటలో కలిసే జాతర, ఎటు తిరిగినా ఒక ప్రభ. మామూలు కెమెరాతో తీస్తే ఏదో ఒక పక్కే వస్తుంది, మిగతా పది ప్రభలూ కెమెరా వెనకాల ఉండిపోతాయి. 2023లో ఢిల్లీ రిపబ్లిక్ డే పరేడ్‌లో మన రాష్ట్ర శకటం అదే, టీవీలో అందరూ చూశారు, కానీ టీవీలో చూసినవాళ్ళకు ఆ తోట మధ్యలో నిలబడితే ఎలా ఉంటుందో తెలియదు.

వాంతి ఎందుకయ్యిందంటే, కన్ను "నేను నడుస్తున్నాను" అంటోంది, చెవి లోపల ఉండే తూకం చూసే భాగం "లేదు, కుర్చీలో కూర్చున్నాను" అంటోంది. ఆ రెంటికీ తగువు వస్తే కడుపు తిప్పుతుంది. బస్సులో పుస్తకం చదివితే వచ్చేది కూడా ఇదే, అక్కడ తిరగేసి జరుగుతుంది. కాబట్టి 360లో మొదటి సూత్రం, కెమెరా కదలకూడదు. జనం కదులుతారు, ప్రభలు కదులుతాయి, నువ్వు కెమెరాను పాతేసినట్టు నిలబెట్టు. ఎత్తు మనిషి కంటి ఎత్తు. చూసేవాళ్ళను కూర్చోబెట్టి చూపించే పనైతే కూర్చున్న మనిషి కంటి ఎత్తు. కర్ర చివర ఆరేడు అడుగుల పైకి ఎత్తావంటే చూసేవాడికి తాను గాల్లో వేలాడుతున్నట్టు ఉంటుంది, ఎందుకో తెలియకుండానే భయమేస్తుంది.

ప్రభ విరగడం కుట్టు దగ్గర. 360 కెమెరాలో రెండు గానీ ఎక్కువ గానీ లెన్సులుంటాయి, ఒక్కో లెన్సు తీసిన ముక్కను సాఫ్ట్‌వేర్ కలిపి కుడుతుంది. ఆ కుట్టు మీదకు దగ్గరి వస్తువు వస్తే అతుకు తెలిసిపోతుంది. ప్రభ వచ్చే దారి ముందే చూసుకుని, ఒక లెన్సు తిన్నగా అటే చూసేట్టు పెట్టాలి, కెమెరాకు కనీసం రెండు మీటర్ల దూరం ఉంచాలి.

వచ్చే కనుమకు ఎక్కడ పెట్టాలో చెబుతాను. తోటలో కాదు, గంగలకుర్రు ప్రభలు కౌశిక కాలవ దాటే రేవు దగ్గర పెట్టు. నీళ్ళలోకి దిగిన వాళ్ళ భుజాల మీద అంత ఎత్తు ప్రభ, "అశ్శరభ శరభ" అని కేక ఒక గట్టు నుంచి మొదలై అవతలి గట్టుకు పాకుతుంది. ఆ కేక ఎటు నుంచి వస్తే చూసేవాడి తల అటు తిరుగుతుంది. సినిమాలో డైరెక్టరు కట్ చేసి చూపిస్తాడు, ఇక్కడ కట్ లేదు, శబ్దమే చెయ్యి పట్టుకుని తిప్పుతుంది. అందుకని డబ్బులుంటే నాలుగు దిక్కుల శబ్దం విడివిడిగా పట్టే యాంబిసోనిక్ మైకు అద్దెకు తెచ్చుకో, కెమెరా కొంచెం తక్కువదైనా ఫర్వాలేదు. నువ్వు ఎక్కడ దాక్కోవాలో కూడా ముందే చూసుకో, ఎందుకంటే ఆ కెమెరాకు వెనక వైపంటూ లేదు. కొబ్బరి చెట్టు చాలదు, జనంలో కలిసిపోయి నువ్వూ ప్రభనే చూస్తూ నిలబడు. కెమెరాను చూశావో, కళ్ళద్దాలు పెట్టుకున్న ప్రతివాడికీ నువ్వు కళ్ళల్లోకి చూసినట్టుంటుంది.

పడవలో తీద్దామని అనుకుంటావేమో, అంతర్వేది సాగర సంగమం దగ్గర నేను తీసి చూశాను, రెండు రోజుల పని పోయింది. అల మీద పడవ ఊగితే కుట్టు కూడా ఊగుతుంది. గట్టు మీద నుంచే తియ్యి.

ప్రశ్న: నేను రిటైరైన డ్రాయింగు మాస్టారిని, రాజమండ్రి. దామెర్ల రామారావు గారి చిత్రశాలకు ఇప్పటికీ వెళ్ళొస్తుంటాను. తలకు ఒక డబ్బా తగిలించుకుని ఎవరికివారు ఒంటరిగా చూసేది కళ ఎలా అవుతుందమ్మా? సినిమా అయినా పదిమంది కలిసి చూస్తారు.

మాస్టారూ, మీరన్న ఒంటరితనం నిజమేనండి. అది వీఆర్‌కు పుట్టుకతో వచ్చిన లోటు, నేను కాదనను. కానీ కళ కాదు అంటే మాత్రం ఒప్పుకోలేను, ఎందుకంటే దీన్ని కళగా చేసి చూపించిన వాళ్ళలో ముందున్న మనిషి మీలాగే కుంచె పట్టినావిడ.

కెనడాలో చార్ డేవిస్ అని చిత్రకారిణి. త్రీడీ సాఫ్ట్‌వేర్ చేసే సాఫ్ట్‌ఇమేజ్ అనే కంపెనీలో తొలిరోజుల్లోనే చేరారు, అప్పట్లో హాలీవుడ్ గ్రాఫిక్స్‌కు వాడిన సాఫ్ట్‌వేర్లలో అదొకటి. కంపెనీ సినిమాల వైపు వెళుతుంటే ఆవిడ 1995లో ఆస్మోస్ అని ఒక వీఆర్ పని చేశారు. అందులో చేతికి మీటలేవీ ఉండవు. ఛాతీకి ఒక పట్టీ లాంటిది కడతారు, ఊపిరి పీలిస్తే మెల్లగా పైకి తేలుతారు, వదిలితే కిందికి దిగుతారు, ముందుకు వంగితే ముందుకు. చెట్టు లోపలికి, ఆకు లోపలికి, మట్టి కిందికి. ఆవిడకు నీళ్ళ అడుగుకు దిగి ఈదే స్కూబా డైవింగ్ అలవాటు ఉండేది, ఆ ఊపిరి లెక్క అక్కడి నుంచి వచ్చింది. ముప్పై ఏళ్ళ కిందటి యంత్రంతో చేసిన పని మాస్టారూ, ఇప్పటి కళ్ళద్దాలు ఎన్నో రెట్లు మెరుగు, అయినా వీఆర్‌ అంటే అందరూ తుపాకీ పట్టుకుని కాల్చే ఆటలు చేస్తున్నప్పుడు నేను ఆ ఊపిరినే తలుచుకుంటాను.

సినిమా వైపు నుంచి వచ్చినవాళ్ళూ ఉన్నారు. మెక్సికో దర్శకుడు ఇన్యారిటు 2017లో కేన్స్‌లో సరిహద్దు దాటి వచ్చే వలస మనుషుల గురించి ఒక వీఆర్ పని పెట్టారు. ఒక్కసారికి ఒక్కరే లోపలికి వెళ్ళాలి, చెప్పులు విప్పి ఇసకలో నడవాలి. ఆ పనికి ఆస్కార్ వాళ్ళు ప్రత్యేక పురస్కారం ఇచ్చారు. అదే ఏడాది వెనిస్ చిత్రోత్సవంలో వీఆర్‌కు విడిగా పోటీ మొదలైంది. మన ఏ.ఆర్. రెహమాన్ గారు కూడా దర్శకుడిగా ఒక వీఆర్ సినిమా చేసి 2022లో కేన్స్‌లో చూపించారు.

కానీ మీకు నేను చెప్పదలుచుకున్నది మన గడ్డ మాట. కాకినాడ దగ్గర మాధవపట్నం వెళ్ళారా ఎప్పుడైనా? తోలుబొమ్మలాట కుటుంబాలున్న ఊరు. తెర మీద రంగు పడాలంటే తోలు ఎంత పల్చన చేయాలి, దీపానికి బొమ్మ ఎంత దగ్గరగా ఉంటే నీడ ఎంత పెరుగుతుంది, ఇవి వాళ్ళకు చేతి కొలతలు. పాట, మాట, బొమ్మ, వెలుగు, కత్తెర అన్నీ ఒకే కుటుంబం చేతిలో. మల్టీమీడియా అని ఇప్పుడు మేం పేరు పెట్టుకున్నాం గానీ పని అదే. నరసాపురంలో పుట్టిన బాపుగారిని చూడండి, పుస్తకాలకు బొమ్మలు, కార్టూన్లు, ఆపైన సినిమా, సినిమాకు కూడా షాటు షాటుకీ ముందే బొమ్మ గీసుకునేవారు. 1967లో వచ్చిన ఆయన తొలి సినిమాను మన పులిదిండిలో తీశారు. ఒక పరికరం చేతికొస్తే ఇంకోదాన్ని వదిలేయాలని ఆయన అనుకోలేదు. మీరు గీత నేర్పిన పిల్లల్లో ఎవరైనా ఈ పనిలోకి వస్తే ఆ గీతతోనే వస్తారు మాస్టారూ.

ప్రశ్న: ఏ ల్యాప్‌టాప్ కొనాలి? – చాలామంది

గ్రాఫిక్స్ కార్డు విడిగా ఉన్నది, ర్యామ్ కనీసం 16 జీబీ, వీలైతే 32. ఈ పనికి డెస్క్‌టాప్ అయితే అదే డబ్బుకు ఎక్కువ బలం వస్తుంది, వేడి కూడా తక్కువ. మన డెల్టా ఉక్కకు, కరెంటు కోతలకు యూపీఎస్ తప్పనిసరి. వీఆర్ కళ్ళద్దాలు మొదటి ఏడాది కొనక్కర్లేదు.

ప్రశ్న: నేను రాజోలు నుంచి రాస్తున్నాను. రెండేళ్ళుగా సాఫ్ట్‌వేర్లు నేర్చుకుంటూనే ఉన్నాను గానీ సొంత ప్రాజెక్టు ఒక్కటీ మొదలుపెట్టలేదు. అంతరిక్షం, రాక్షసులు, కోటలు అన్నీ ఎవరో చేసేశారు. దేనితో మొదలుపెట్టాలి? – ఓ పాఠకుడు

కళ్ళు మూసుకుని నడవగలిగే చోటుతో మొదలుపెట్టండి. సినిమాకైతే ఫ్రేములో పడేంత సెట్టు వేస్తే సరిపోతుంది, వెనకాల ప్లైవుడ్ చెక్కలు కనబడవు. వీఆర్‌లో చూసేవాడు వంగి మంచం కింద చూస్తాడు, వెనక్కి తిరిగి తలుపు మూల చూస్తాడు. అక్కడ ఏముండాలో తెలియకపోతే ఎంత సాఫ్ట్‌వేర్ వచ్చినా చోటు ఖాళీగా కనబడుతుంది. అంతరిక్ష నౌకలో మంచం కింద ఏముంటుందో మీకూ తెలియదు, నాకూ తెలియదు. మీ ఇంట్లో తెలుసు.

నేను మొదలుపెట్టింది మా తాతగారి మండువా ఇంటితో. వాటాలు కుదరక అమ్మేశారు, కొన్నవాళ్ళు టేకు స్తంభాలు, దర్వాజాలు విప్పి లారీలో ఎక్కిస్తారని తెలిశాక పది రోజులు సెలవు పెట్టి వెళ్ళాను. ఫోటోలతో చోటును త్రీడీగా కట్టే పద్ధతి ఉంది, ఫోటోగ్రామెట్రీ అంటారు. ఒకదాని మీద ఒకటి సగానికి పైగా పడేట్టు వందల ఫోటోలు తీస్తే, రెండు మూడు ఫోటోల్లో కనిపించే ఒకే చుక్కను పట్టుకుని సాఫ్ట్‌వేర్ దాని దూరం లెక్కగడుతుంది. మబ్బు పట్టిన రోజున తీయాలి, ఎండ పడితే నీడలు గోడకు అంటుకుపోతాయి. స్తంభాల చెక్కడం, పెంకులు, గచ్చు మీద పగుళ్ళు బ్రహ్మాండంగా వచ్చాయి. సున్నం కొట్టిన తెల్లగోడలు మాత్రం గుంటలు పడ్డాయి, పట్టుకోవడానికి వాటి మీద చుక్కే లేదు మరి. చివరికి గోడల మీద అక్కడక్కడా న్యూస్‌పేపరు ముక్కలు అంటించి మళ్ళీ తీశాను, తర్వాత కంప్యూటర్లో వాటిని చెరిపేశాను.

ఇల్లు విప్పేశాక ఏడాదికి గానీ ఆ పని పూర్తి కాలేదు. మా మేనత్త ఆ ఇంట్లో పుట్టిన మనిషి, డెబ్బై ఎనిమిదేళ్ళు. మా ఊరి కల్యాణమండపం హాలు ఖాళీగా ఉంటే అక్కడ కళ్ళద్దాలు పెట్టాను, పడిపోకుండా నేను పక్కనే చెయ్యి పట్టుకున్నాను. అరుగు మీద కాసేపు ఊరికే నిలబడింది. తర్వాత లోపలికి నడిచింది. హాల్లో నున్నటి గచ్చు, అడ్డం ఏమీ లేదు, అయినా సరిగ్గా గడప ఉన్న చోట చీర కుచ్చిళ్ళు కొంచెం పైకి పట్టుకుని కాలెత్తి దాటింది. మండువా దగ్గరకొచ్చి పైకి చూసి, "వాన చప్పుడేదే? చూరు నీళ్ళు గుండిగలో పడతాయి కదా" అంది.

నేను ఫోటోలు తీసుకున్నాను గానీ శబ్దం పట్టలేదండి, అప్పుడది తట్టలేదు. మా ఊరికి మూడు కిలోమీటర్ల దూరంలో ఇంకో మండువా ఇల్లు మిగిలి ఉంది. అడిగితే పెద్దాయన సరేనన్నారు, ఇత్తడి గుండిగ కూడా అటక మీద నుంచి దింపిస్తానన్నారు. ఈ శ్రావణంలో వాన పట్టగానే మైకు తీసుకుని వెళుతున్నాను. మీది రాజోలే కదా, వీలైతే రండి, మైకు మీద గొడుగు పట్టేవాళ్ళు ఒకరు కావాలి.